ఎడంచేతి కట్లు

గంట గోపురం పని అయిపోయి ఇరవై రోజులు దాటింది. సిమెంటు పూతలు ఆరాయి, రంగులు వేశారు, కొసన సిలువ నిలబెట్టారు, గంట కూడా బిగించారు. అయినా ఆ గోపురం ఎలా ఉందో ఊళ్లో ఒక్కరికీ తెలియదు. దాని చుట్టూ ఆదాము కట్టిన పరంజా కట్టినట్టే ఉంది మరి. నేల నుంచి సిలువ దాకా నిలువుగా సరుగుడు బాదులు, వాటికి అడ్డంగా మళ్లీ బాదులు, నిలబడడానికి చెక్కలు, బాదూ బాదూ కలిసిన ప్రతిచోటా కొబ్బరితాడు కట్లు. ఆ సందుల్లోంచి లేతనీలం రంగు ఇక్కడ జానెడు, అక్కడ బెత్తెడు కనిపిస్తుంది. పిల్లలు ఆ ముక్కలు చూసి మిగతాది ఊహించుకుంటున్నారు.

రేపల్లె దాటాక కాలవ గట్టున ఉన్న చిన్న ఊరు అది. నవంబరు చివరి ఆదివారం అక్కడి చర్చిలో కోతల పండుగ. ఆ రోజు కొత్త గంట మోగాలని సంఘం పెద్దల పట్టుదల. పరంజా ఎప్పుడు విప్పుతావని ఎవరడిగినా ఆదాము దగ్గర రోజుకో సాకు. రంగు లోపల ఇంకా పచ్చిగానే ఉందండి. గాలి వాటం బాగాలేదండి. బాదులు తీసుకెళ్లే బండి బాపట్లలో ఆగిపోయిందండి. ముప్ఫయ్యేళ్ల పైబడి పరంజాలు కట్టి విప్పిన మనిషి ఇలా నీళ్లు నమలడం ఎవరూ చూడలేదు. అబద్ధాలాడడం అలవాటు లేనివాడి సాకులు ఎంత పేలవంగా ఉండాలో అంత పేలవంగానే ఉన్నాయవి.

అసలు సంగతి ఏమిటంటే, అతనికి ఆ పరంజా విప్పడం ఇష్టం లేదు.

పొద్దున్నే తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి వస్తాడు. కట్లన్నీ ఒకసారి తట్టి చూసుకుంటాడు. ఎండ ఎక్కాక అన్నిటికన్నా పైనున్న చెక్క మీదికి పోయి, తుండుగుడ్డ తలకింద పెట్టుకుని పడుకుంటాడు. సరుగుడు చెట్టు బాపట్ల ఇసుకలో, సముద్రం పక్కన పెరుగుతుంది. మొలిచిన దగ్గర్నుంచీ అది వినేది ఆ హోరే. నరికి, కొమ్మలు కొట్టి బాదు చేసినా దాని లోపల ఆ హోరు కొంత మిగిలే ఉంటుందని ఆదాము నమ్మకం. చెవి ఆనిస్తే వినిపిస్తుందంటాడు. వినిపించేది అతని సొంత నెత్తురు చప్పుడేనేమో, మనకెందుకు. అతను మాత్రం సముద్రాన్నే వింటూ, రెప్పలు మూసీ మూయకుండా కిందికి చూస్తూ ఉంటాడు.

కింద అరటి తోటలు. గెల బరువుకు ఒరిగిపోయే ప్రతి చెట్టుకూ ఒక పోటుకర్ర. అవతల అవిశ చెట్లను పట్టుకుని ఎగబాకిన తమలపాకు తీగలు. ఎవరి పెరట్లోనో చిక్కుడు పందిరి. పెళ్లింటి ముందు షామియానా గుంజలు. చంకలో కర్ర పెట్టుకుని గట్టు మీద మెల్లగా నడిచే ముసలాయన. ఒక వాకిట్లో గోడ పట్టుకుని తప్పటడుగులు వేసే పసిపిల్ల, ముట్టుకోకుండా వెనకాలే చేతులు చాపుకుని నడిచే తల్లి. సగం నిద్రలో ఇవన్నీ ఒకదానికొకటి తాళ్లతో కలిసిపోతాయి. చిక్కుడు పందిరి నుంచి పోటుకర్రకు, పోటుకర్ర నుంచి ముసలాయన చంకకర్రకు, అక్కడినుంచి తల్లి చేతులకు. రేపల్లె నుంచి తెనాలి దాకా ఒకటే పరంజా. కట్టిన మేస్త్రి ఎవరో తెలియదు, లోపల కడుతున్నది ఏమిటో తెలియదు. అది ఎప్పటికీ విప్పనక్కర్లేదని మాత్రం ఆ నిద్రలో ఎవరో చెప్పినట్టుంటుంది. ఆదాముకు ప్రాణం హాయిగా ఉంటుంది.

సరిగ్గా అప్పుడే కింది నుంచి కేక. "దించు బావా."

ఉలిక్కిపడి లేచి కిందికి చూస్తాడు. ఎవరూ ఉండరు. తాళ్లు నానేసే సిమెంటు తొట్టి, అందులో పచ్చగా పాచి పట్టిన నీళ్లు, అంతే.

ఆ గొంతు రిబ్కాది. ఆదాము భార్య, అతని మేనమామ కూతురు. ఆ మేనమామ తెనాలిలో పేరుమోసిన పరంజా మేస్త్రి. శిల్పుల షెడ్లలో పెద్ద పెద్ద విగ్రహాల చుట్టూ, సినిమా హాళ్ల ముందు కటౌట్ల వెనకాల, నీళ్ల ట్యాంకులకు, మిల్లు గోడలకు ఆయన కట్టని పరంజా లేదు. కూతురికి ఎడంచేతి వాటం. కుడిచేత్తో కట్టమని నెత్తిన మొట్టి మొట్టి ఆయన వేళ్లే నొప్పి పుట్టాయిగాని ఆ పిల్ల చెయ్యి మారలేదు. చివరికి ఆమె కట్టిన కట్టుకు తనే వేలాడి చూసి, "కానీ, నీ ఇష్టం" అన్నాడు. అప్పట్నుంచీ ఆదాము తాడు కుడికి తిరుగుతుంది, రిబ్కా తాడు ఎడమకు తిరుగుతుంది.

పెళ్లయ్యాక పని పంపకం దానంతట అదే కుదిరింది. కింది రెండు వరసలూ రిబ్కావి. ఆదాము బాదు పట్టుకుంటే ఆమె కడుతుంది. ఆపైన అన్నీ అతనివి. ఆమె తొట్టిలో తాళ్లు నానబెట్టి అందిస్తుంది. నానిన తాడుతో కడితేనే ఆరాక బిగుస్తుంది. ముప్ఫయ్యారేళ్లలో ఆదాము ఒక్క కింది కట్టు కట్టలేదు, రిబ్కా ఒక్క పై కట్టు కట్టలేదు.

మామ పెట్టిన కట్టుబాట్లు రెండే. కట్టిన చెయ్యే విప్పాలి, అది మొదటిది. తాడు కొసను ఏ మడతలో దాచారో కట్టినవాళ్లకే తెలుసు. తెలియని చెయ్యి తప్పు మడత లాగితే బాదు వచ్చి నెత్తిన పడుతుంది. కత్తి పెట్టి కోసేవాణ్ణి ఆయన పనివాడి కిందే లెక్కవేసేవాడు కాదు. రెండోది, విప్పినవాళ్లు "దించు" అనేదాకా బాదు పట్టుకున్నవాళ్లు దించకూడదు. కట్టు ఊడినట్టు కళ్లకు కనబడుతున్నా సరే, మాట వినాల్సిందే. రిబ్కా ఆ మాట వీధి చివరికి వినిపించేలా అరిచేది. ఎందుకలా గొంతు చించుకుంటావంటే, "నీకు చెవుడు బావా, నీకు తెలీదు" అనేది. చెవుడేమీ లేదు. ఆమెకు అలా అరవడం ఇష్టం, అతనికి వినడం ఇష్టం.

జూన్ నెలలో గోపురం సగానికి వచ్చింది. ఆ రోజు ఆదాము నాలుగో వరస చెక్క మీద ఉన్నాడు. కింద తొట్టి దగ్గర కూర్చున్న రిబ్కా, "ఇంకో తాడు నానెయ్యనా బావా" అంది. "వద్దులే, చాలు" అన్నాడు. కాసేపటికి కిందికి చూస్తే ఆమె కుడిచెయ్యి నీళ్లలోనే ఉంది. అది ఎవరిదో చెయ్యి అయినట్టు ఆమె దానివంక చూస్తోంది. నోరు ఒక పక్కకు లాగేసింది.

ముందు తెనాలి ఆసుపత్రి, తర్వాత గుంటూరు ఆసుపత్రి. పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ప్రాణం దక్కింది, అంతే చాలు అన్నారు చూడవచ్చినవాళ్లందరూ. చాలు అన్న మాట ఎవరి నోట విన్నా ఇప్పటికీ ఆదాముకు ఒళ్లు మండుతుంది.

గోపురం చుట్టూ కింది రెండు వరసల్లో రిబ్కా కట్టిన కట్లు పదహారు. అవి ఉన్నన్నాళ్లూ ఆమె పని మధ్యలో లేచి ఇంటికి వెళ్లిన మనిషి. ఎప్పుడో ఒకప్పుడు తిరిగొచ్చి విప్పుతుంది. వేరే చెయ్యి వాటిని విప్పిందంటే ఆమె పని అయిపోయినట్టే. ఆదాము భయం అదీ. ఇది పైకి చెప్పుకోగలిగిన భయం కాదు కాబట్టి గాలి వాటం మీదా బండి మీదా నెడుతున్నాడు.

అంగలకుదురులో వాళ్లది రెండు గదుల ఇల్లు. కూతురు రూబీ తెనాలిలో మందుల షాపులో పనిచేస్తూ తల్లిని చూసుకుంటోంది. పట్టుకుని నడవడానికి ఇంట్లో ఏదన్నా ఆసరా ఏర్పాటు చెయ్యండి అని ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆదాముకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క పని తనకు వచ్చు. బాపట్ల వెళ్లి నున్నటి సన్నబాదులు ఏరి తెచ్చాడు. వాకిట్లో రిబ్కా కూర్చునే కుర్చీ దగ్గర్నుంచి కుళాయి గట్టు మీదుగా జామచెట్టు దాకా రెండువైపులా నడుమెత్తున కటకటా కట్టాడు. ఏనుగు ఒరిగినా కదలదు. రిబ్కా కుర్చీలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూస్తూనే ఉంది. అంతా అయ్యాక చెమట తుడుచుకుని, "రా, పట్టుకో" అన్నాడు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

అయిదు నెలలైంది. తిప్పుకున్న మొహం తిప్పుకున్నట్టే ఉంది. బాగున్న ఎడంచెయ్యి కూడా కొంగులోంచి బయటికి రాదు. పిసకమని డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు బంతి కుర్చీ కింద దుమ్ము కొట్టుకుపోయింది. "అమ్మకి మనసు విరిగిపోయింది నాన్నా" అంటుంది రూబీ. డాక్టరమ్మా ఆ మాటే ఇంకోరకంగా అంది. తను చేసిన పొరపాటు ఏమిటో ఆదాముకు తట్టలేదు. తట్టకపోవడంలో అతని తప్పు లేదు. డాక్టర్లకు తెలిసే పొరపాటు కాదది, ఆ ఇద్దరి మధ్యే ఉన్నది.

గురువారం మధ్యాహ్నం సంఘం కార్యదర్శి వరప్రసాదం మాస్టారు వచ్చి గోపురం కింద నిలబడ్డారు. రిటైరైన హెడ్మాస్టరు, మెత్తని మనిషే గాని తేదీల దగ్గర మాత్రం మెత్తదనం లేదు.

"ఏంటి ఆదాము, ఆదివారం పండుగ. ఇవాళ గురువారం."

"తెలుసండి మాస్టారండి."

"తెలిసే పడుకున్నావా పైన? కిందికి రా."

ఆదాము దిగి వచ్చి తుండుగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"శనివారం పొద్దుగూకేలోగా విప్పకపోతే రేపల్లె నుంచి ఇనప పైపులవాళ్లని పిలుస్తాను. వాళ్లు తాళ్లు కోసి లాగేస్తారు. నాకింక వేరే దారి లేదు నాయనా."

"కొయ్యొద్దండి."

"అయితే నువ్వు విప్పు. అసలు ఎందుకు విప్పవో అదన్నా చెప్పు."

ఆదాము కింది వరస బాదు మీద చెయ్యి వేశాడు. "కింది వరసలు మా ఇంట్లోది కట్టిందండి. కట్టినోళ్లే విప్పాలండి. ఆమెకి బాగైతే వచ్చి విప్పుద్దని చూస్తున్నానండి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "బాగైతే అంతకంటే ఏం కావాలి. మేమూ ప్రార్థనలో పెడుతూనే ఉన్నాం కదా. కాకపోతే?" అన్నారు.

ఆ "కాకపోతే" ఆదాము మనసులో ఎప్పట్నుంచో ఉన్నదే. ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. వెనక్కి తిరిగి పరంజా ఎక్కాడు. పైవరస నుంచి తన కట్లు విప్పడం మొదలుపెట్టాడు.

ఊళ్లోని ఇద్దరు కూలీలు కింద బాదులు అందుకున్నారు. గురువారం సాయంత్రానికి సిలువ, శుక్రవారం మధ్యాహ్నానికి గంట, ఆ తర్వాత నీలం గోడ మెల్లగా బయటపడ్డాయి. జనం పొలాల్లోంచి వస్తూ ఆగి తలెత్తి చూస్తున్నారు. ఆదాము మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్కో వరస దిగేకొద్దీ అతని చేతులు నెమ్మదిస్తున్నాయి. శుక్రవారం పొద్దు వాలేసరికి కింది రెండు వరసలే మిగిలాయి.

రిబ్కా కట్టిన మొదటి కట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. తాడును చుట్టూ తడిమాడు. కొస ఎక్కడ దాచిందో దొరకలేదు. అనుమానంగా ఒక మడత లాగితే అది ఇంకా బిగుసుకుంది. ముప్ఫయ్యారేళ్లు పక్కన నిలబడి బాదులు పట్టుకున్నాడు. కొస ఎక్కడ పెడతావే అని ఒక్కనాడూ అడగలేదు. అడగాల్సిన అవసరం వస్తుందని ఎవరనుకున్నారు? కూలీల్లో ఒకడు జేబులోంచి చాకు తీసి, "కోసేద్దామా బాబాయ్" అన్నాడు. "లోపల పెట్టు" అన్నాడు ఆదాము. లేచి, మోకాళ్లు దులుపుకుని స్టేషనుకు నడిచాడు. దారి పొడవునా తన మీద తనకే రోత పుట్టింది.

శనివారం పొద్దున్న ఆదాము కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే వెనకనుంచి దబ్బుమని చప్పుడైంది. వంటింట్లోంచి రూబీ పరుగెత్తుకొచ్చింది. "అమ్మ పడిందా?"

రిబ్కా పడలేదు. కుర్చీలోనే ఉంది. ఆమె పక్కనున్న కటకటా బాదు ఒక కొస ఊడి నేల మీద ఉంది. ఆదాముకు మొదట కలిగింది కంగారు కాదు, అవమానం. తన కట్టు జారడమా? ఏనుగు ఒరిగినా కదలని కట్టు?

దగ్గరికి వెళ్లాక చూశాడు. కట్టు జారలేదు, ఎవరో విప్పారు. తాడు రిబ్కా చేతిలో ఉంది. తడిసి ఉంది. ఆమె మంచినీళ్ల గ్లాసు నేల మీద ఉంది, అందులో నీళ్లు కొబ్బరి పీచు రంగుకు తిరిగాయి. తాడు ఒక కొస పళ్ల మధ్య కరిచిపట్టుకుని, కొంగులోంచి బయటికి వచ్చిన ఎడంచేత్తో రెండో కొసను గుంజ చుట్టూ తిప్పుతోంది. తిప్పినా లాభం లేదు. ఇంకోచేత్తో బాదును ఎత్తి పట్టుకోవాలి, ఆ చెయ్యి ఒళ్లో పడి ఉంది. తలెత్తి మొగుడివంక చూసింది. ఆ చూపు అతనికి కొత్త కాదు. బాదు పట్టుకోకుండా ఏం చూస్తున్నావు అనే చూపు అది.

ఆదాము వంగి బాదు ఎత్తి, గుంజకు ఆనించి, నడుమెత్తున పట్టుకున్నాడు. రిబ్కా ఎడంచెయ్యి పనిలో పడింది. తాడు ఎడమకు తిరిగింది. ఒకసారి జారింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ జారింది. సాయం చెయ్యబోయిన రూబీతో, "ఉండమ్మా" అన్నాడు ఆదాము. మూడోసారి మడతలు నిలిచాయి. పళ్లతో లాగి బిగించింది, కొస ఎక్కడో లోపలికి దోపింది, అరచేత్తో కట్టును రెండుసార్లు తట్టింది. పని బాగా కుదిరినప్పుడు ఆమె ఎప్పుడూ తట్టేది అలాగే.

అప్పుడు తెలిసింది ఆదాముకు, అయిదు నెలల కింద ఆమె మొహం ఎందుకు తిప్పుకుందో. ఆమె కళ్లముందే, ఆమెను అడగకుండా, నేల దగ్గరి కట్లన్నీ తనే కట్టేశాడు. ఆమె కట్టాల్సిన చోట కుడికి తిరిగిన తాడు. నీ పని అయిపోయింది, కూర్చో అని నోటితో అనలేదు గాని చేత్తో అన్నాడు. పైగా తన కొస ఎక్కడ దాస్తాడో ఆమెకు తెలుసు, ఒంటిచేత్తో విప్పేసింది. ఆమె కొస ఎక్కడుంటుందో తనకు తెలియదు.

"కింది కట్టు నీది కదే" అన్నాడు. "బుద్ధి లేకపోయింది నాకు."

రిబ్కా ఆ మాట కాదనలేదు.

"రేపల్లెలో నీవి పదహారున్నాయి. నాకు విప్పడం చేతకాలేదు. ఇవాళ పొద్దుగూకితే పైపులోళ్లొచ్చి కోసేస్తారు. వస్తావా?"

ఆమె ఎడంచెయ్యి చాపి, తను కట్టిన కట్టు పక్కనే బాదును పట్టుకుంది. రూబీ ఒక పక్కన పట్టుకోగా లేచి నిలబడింది. కుళాయి గట్టు దాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగులకూ పావుగంట పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు.

ఆటోలో తెనాలి స్టేషనుకు, అక్కడినుంచి పాసింజరులో రేపల్లెకు. కిటికీ పక్కన కూర్చోబెడితే రిబ్కా అయిదు నెలల తర్వాత పొలాలు చూసింది. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే వరిచేలు పసుపెక్కి కనిపించాయి. రైలు ఊపుకు ఆమె తల ఆదాము భుజం మీదికి వాలింది. అతనికీ కునుకు పట్టింది. ఆ కునుకులో రైలు పట్టాలకింద స్లీపరు చెక్కలన్నీ ఎవరో ఎడమకు తిప్పి కట్టినట్టున్నాయి. ఒకటి ఊడినా రైలు పడిపోతుంది, అయినా భయం వేయలేదు. ఆ కట్లు ఎవరివో అతనికి తెలుసు.

చర్చి ముందు ఆడవాళ్లు కోతల పండుగకు వరికంకుల కుచ్చులు కడుతున్నారు. గుమ్మడికాయలు, అరటిగెలలు మెట్ల మీద దించి ఉన్నాయి. ఆటోలోంచి రిబ్కాను దింపడం చూసి వరప్రసాదం మాస్టారు తనే ఒక కుర్చీ మోసుకొచ్చి పరంజా ముందు వేశారు.

రిబ్కా తలెత్తి గోపురం చూసింది. ఆమె వెళ్లేనాటికి అది సగం గోడ. ఇప్పుడు నీలంగా ఆకాశంలోకి పోయి ఉంది. కాసేపు చూసి తల దించుకుని, మొదటి బాదు వెనక్కి ఎడంచెయ్యి పోనిచ్చింది. ఆదాము వేళ్లు పట్టుకుని అక్కడికి తీసుకెళ్లింది. కొస గోడవైపు ఉంది, కట్టు అడుగున, వాన చినుకు తగలని చోట. వేసవి, వానాకాలం, తుఫాను గాలులు దాటినా ఆ తాళ్లు కుళ్లకపోవడం చూసి ఈసారి పీచు మంచిదని ఇన్నాళ్లూ అనుకున్నాడు ఆదాము. ముప్ఫయ్యారేళ్లూ పీచు మంచిదనే అనుకున్నాడు.

చోటు తెలిశాక, ఆమెకు అందని రెండో వరస కట్లు ఎనిమిదీ అతను విప్పాడు. ఎక్కడన్నా తడబడితే కిందికి చూసేవాడు. ఆమె గాలిలో చెయ్యి తిప్పి చూపించేది. ఆ వరస నేలకు దిగింది. ఇక మిగిలింది నడుమెత్తున ఉన్న అడుగు వరస. ఆ వరస మాత్రం ఎవరికీ ఇవ్వలేదామె.

మొదటి బాదుకు రెండు కట్లు. ఆదాము మధ్యలో భుజం పెట్టి బాదు పట్టుకున్నాడు. రిబ్కా ఒక కట్టు విప్పింది. రూబీ కుర్చీని రెండో కొసకు జరిపింది. రెండో కట్టూ విప్పింది. తాడు జారి ఆమె ఒళ్లో పడింది. బాదు బరువంతా ఆదాము మీదికి వచ్చింది.

అతను అలాగే నిలబడ్డాడు.

"ఊడింది కదా ఆదాము, కింద పెట్టెయ్" అన్నారు మాస్టారు.

"చెప్పలేదండి."

"ఎవరు?"

"ఆమె ఇంకా చెప్పలేదండి."

మాస్టారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "ఆమెకు మాట రాదు కదయ్యా."

"తెలుసండి" అన్నాడు ఆదాము. కదల్లేదు.

పచ్చి సరుగుడు కాకపోయినా బరువు బరువే. అతనికి యాభై తొమ్మిదేళ్లు. భుజం వణకడం మొదలైంది. కూలీలు అందుకోబోతే తల అడ్డంగా ఊపాడు. వరికుచ్చులు కట్టే ఆడవాళ్లు చేతులాపి చూస్తున్నారు. రిబ్కా పెదవులు కదిలాయి, శబ్దం లేదు. ఆమె కళ్లలో నీళ్లు, కోపమో బాధో. ఇంతమంది ముందు తన నోరు ఇలా బయటపెట్టినందుకు ఆమె జీవితంలో క్షమించదేమో అని ఆదాము భయపడ్డాడు. అయినా దించలేదు.

"చాలు నాన్నా" అంది రూబీ ఏడుస్తూ.

"చాలదమ్మా" అన్నాడు.

రిబ్కా ఎడంచేత్తో కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మెడ నరాలు లేచాయి. ఎక్కడో లోపలినుంచి ఒక గరగర వచ్చింది. అది ఆగిపోయింది. మళ్లీ వచ్చింది.

"దిం..."

ఆమె ఊపిరి బిగపట్టి మళ్లీ మొదలుపెట్టింది.

"దిం... చు."

బావా అన్న మాట రాలేదు. వీధి చివరికి కాదుగదా, పక్క కుర్చీకి కూడా సరిగా వినిపించేంత లేదు. కొందరికి అది మాటగానే తోచలేదు. ఆదాముకు మాత్రం ఎన్నో మధ్యాహ్నాలు నిద్రలో విన్నదానికన్నా స్పష్టంగా వినబడింది. మోకాళ్లు వంచి, బాదును మెల్లగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. లేవబోతే వెంటనే లేవలేకపోయాడు. అక్కడే కూర్చుని తుండుగుడ్డలో మొహం పెట్టుకుని కాసేపు ఏడ్చాడు.

రిబ్కా అతని ఏడుపు అయ్యేదాకా ఆగలేదు. ఒళ్లోని తాడు కొస తీసి, చచ్చుబడిన తన కుడిచెయ్యిని మోచేతి దగ్గర మడిచి పెట్టుకుని, దాని చుట్టూ తాడు చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట మీద చుట్ట, వదులు లేకుండా, ఎడమకు. చుట్టడం అయ్యాక గడ్డంతో రెండో బాదు చూపించింది. ఆదాము కళ్లు తుడుచుకుని, వెళ్లి దాన్ని పట్టుకున్నాడు.